కంటిపొరకు అతుకు

1859లో లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటాసుపత్రి సర్జన్ విలియం బౌమన్ ఒక చిత్రమైన ఆపరేషన్ గురించి రాశాడు. గుండ్రంగా ఉండే కంటిపాపను సన్నటి కొక్కెంతో పైకీ కిందికీ లాగి, పిల్లికంటిలో ఉన్నట్టు నిలువు చీలికగా మార్చేవాడు. కంటి ముందుపొర శంకువులా పొడుచుకొచ్చినవాళ్లకు ఈ చికిత్స. చెదిరిపోయే వెలుగును సందులోంచి రానిస్తే బొమ్మ కాస్త కుదురుగా కనిపిస్తుంది. అంతకు మించి ప్రయోజనం లేదు. గోడ కూలుతుంటే కిటికీ సన్నం చేసుకున్నట్టు, జబ్బు జబ్బులాగే ఉండేది.

దానికి పదేళ్ల ముందే ఇదే బౌమన్ సూక్ష్మదర్శిని కింద కంటిపొరను పరిశీలించి, పైచర్మానికి సరిగ్గా అడుగున కణాలేమీ లేని ఒక పలచటి పొర ఉందని చెప్పాడు. వైద్యగ్రంథాల్లో అది ఇప్పటికీ 'బౌమన్ పొర'. చనిపోయినవారి కంటి నుంచి ఆ పొరనే ఒలిచి, తాను కొక్కెంతో కుస్తీ పట్టిన ఆ జబ్బువాళ్ల కంట్లోనే దూర్చే రోజు వస్తుందని ఆయన ఊహించి ఉండడు. ఆ రోజు రావడానికి నూట యాభై ఏళ్లకు పైనే పట్టింది.

ఆ జబ్బు పేరు కెరటోకోనస్. కంటికి ముందు గడియారం అద్దంలా అమరి ఉండేది కార్నియా. మందం అర మిల్లీమీటరు, రక్తనాళం ఒక్కటీ లేదు, పూర్తి పారదర్శకం. కొందరికి పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో అది మధ్యలో పలచబడి ముందుకు సాగుతుంది. కళ్లద్దాల నంబరు ఆర్నెల్లకోసారి మారుతుంది, పైగా వంకరగా మారుతుంది. వీధిదీపానికి తోక మొలుస్తుంది. దీపావళి నాడు పెట్టింది ఒక ప్రమిదైతే కనిపించేవి నాలుగు. అలర్జీ దురదతో కళ్లు నలుపుకునే అలవాటున్న పిల్లల్లో ఇది ఎక్కువ. అమెరికాలోని మిన్నెసోటాలో 1980లలో వేసిన లెక్క ప్రకారం లక్షమందికి సుమారు 54 మందికి ఉంది. మధ్య భారతంలోని పల్లెల్లో 2009లో ప్రచురించిన సర్వే ముప్పై దాటినవాళ్లలో 2.3 శాతం అంది. రెండుచోట్లా వాడిన గీటురాళ్లు వేరు కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి గుండె బాదుకోనక్కర్లేదు. మన దగ్గర ఇది అరుదైన జబ్బు కాదని మాత్రం తెలుస్తుంది.

తెలుగు పల్లెల్లో కార్నియా చెడిందంటే గుర్తొచ్చే మాట 'కంట్లో పువ్వు'. ఒకప్పటి మశూచి, తట్టు, విటమిన్ ఎ లోపం, పొలంలో వరిపొట్టు తగిలి పట్టిన ఫంగస్, వీటిలో ఏదో ఒకటి తెల్లటి మచ్చను మిగిల్చిపోతుంది. కెరటోకోనస్‌లో పువ్వూ లేదు, కాయా లేదు. ఎదుటివాళ్లకు కన్ను శుభ్రంగానే కనిపిస్తుంది. అందుకే దీన్ని వేరే జబ్బుగా గుర్తించడానికి చాలాకాలం పట్టింది. జర్మనీలో బుర్ఖార్డ్ మౌఖార్ట్ 1748లో దీని గురించి రాశాడు. లివర్‌పూల్ వైద్యుడు జాన్ నాటింగ్‌హామ్ 1854లో ఏకంగా ఒక గ్రంథమే వేసి, మిగతా కంటిజబ్బుల నుంచి దీన్ని విడదీశాడు. ఆ తర్వాత ఎవరికి తోచిన వైద్యం వాళ్లు చేశారు. బెర్లిన్‌లో ఫాన్ గ్రేఫ్ శంకువు కొన మీద వెండి నైట్రేటుతో కాల్చేవాడు. మచ్చ కట్టి బిగుసుకుంటే పొర లోపలికి సర్దుకుంటుందని ఆశ. 1888లో పారిస్‌లో యూజీన్ కాల్ట్ ఉబ్బిన పొరను అదిమిపెట్టేలా గాజు చిప్పలు తొడిగించాడు. కాంటాక్ట్ లెన్సుల వంశవృక్షంలో అవి ముత్తాతలు.

చెడిన పొరను తీసేసి మంచిది పెడితే పోదా అన్న ఆలోచన అప్పటికే పాతది. జర్మన్ వైద్యుడు రైసింగర్ 1824లోనే దానికి 'కెరటోప్లాస్టీ' అని పేరు పెట్టాడు. పని జరగలేదు, పేరు మాత్రం స్థిరపడింది. అప్పట్లో దాత అంటే జంతువే. ఐరిష్ వైద్యుడు శామ్యూల్ బిగ్గర్ ఈజిప్టులో సంచార అరబ్బుల చేతికి చిక్కి బందీగా ఉన్నప్పుడు, చూపు పోయిన ఒక పెంపుడు జింకకు మరో జింక కార్నియాను కుట్టాడు. పది రోజుల్లో దానికి చూపు జాడలు కనిపించాయని 1837లో డబ్లిన్ పత్రికలో రాశాడు. ఆ మరుసటేడు న్యూయార్క్‌లో రిచర్డ్ కిస్సామ్ ఒక మనిషికి పందిపిల్ల కార్నియా పెట్టాడు. మత్తుమందు ఇంకా రాని కాలం, కుట్లు రెండే. కొన్నాళ్లు వెలుగు తెలిసింది. నెల తిరిగేసరికి అతుకు తెల్లబడింది.

ఆర్థర్ ఫాన్ హిప్పెల్ వచ్చాకే ఈ పనికి ఒక పద్ధతి ఏర్పడింది. ఇంట్లో గ్లాసు అంచుతో పిండిని గుండ్రంగా కోసినట్టు కార్నియాను బిళ్లగా కోసే గుండ్రటి కత్తిని చేయించి, దానికి గడియారంలో ఉండేలాంటి తాళపు స్ప్రింగు అమర్చాడు. తాళం తిప్పి వదిలితే అదే తిరిగి కోస్తుంది. సర్జన్ చెయ్యి వణికినా కోత వణకదు. 1886లో ఒక అమ్మాయి కంట్లో మచ్చపడిన పైపొరలను మాత్రమే తీసి, లోపలి పొరను అలాగే ఉంచి, పైన కుందేలు కార్నియా అమర్చాడు. ఆమెకు కొంత చూపు వచ్చింది. లోపలి పొరే కార్నియాను తేటగా ఉంచుతుందనీ, దాన్ని కదపకూడదనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకం సరైనదే. కానీ నాటి పనిముట్లతో దాన్ని నిలబెట్టడం కష్టమైంది. వైద్యలోకం ఆయన కత్తిని తీసుకుని ఆయన సలహాను అటకెక్కించింది.

ఆ కత్తితోనే 1905 డిసెంబర్ 7న ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని మొరేవియా ప్రాంతంలో, ఓలొమౌట్స్ పట్టణంలో ఎడువార్డ్ జిర్మ్ చరిత్ర సృష్టించాడు. రోగి 45 ఏళ్ల దినకూలీ. అంతకు పదహారు నెలల ముందు రెండు కళ్లలోనూ సున్నం పడి చూపు పోయింది. దాత పదకొండేళ్ల పిల్లవాడు. ఇనుప ముక్కలు గుచ్చుకుని ఇక దక్కదనుకున్న కంటిని తీసేయాల్సివచ్చింది, దాని కార్నియా మాత్రం చెక్కుచెదరలేదు. జిర్మ్ ఆ ఒక్క కార్నియాలోంచి అయిదేసి మిల్లీమీటర్ల బిళ్లలు రెండు తీశాడు. రెండు కళ్లకూ చెరొకటి, పొర మొత్తం మందంలో పెట్టాడు. కుడికన్ను దక్కలేదు. ఎడమకంటి అతుకు తేటగా నిలిచింది, ఆయన తిరిగి పనిలోకి వెళ్లాడు. మనిషి నుంచి మనిషికి పెట్టిన కంటిపొర నిలవడం అదే మొదటిసారి.

ఇందులో అదృష్టం పాలు చాలా ఎక్కువని నేటి డాక్టర్లు చెబుతారు. కార్నియా పైచర్మాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉంటాయి. సున్నం ముందు కాల్చేది ఆ అంచునే. అది కాలిపోతే ఎంత మంచి అతుకు వేసినా తెల్లబడుతుంది. కిళ్లీకీ ఖైనీకీ అమ్మే సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కితే అది చిట్లి కంట్లో పడే ప్రమాదాలు మన దేశంలో ఈనాటికీ ఉన్నాయి. అలాంటి కళ్ల కోసం హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ఒక తేలిక పద్ధతి ప్రకటించింది. రోగి బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఎనిమిదో పదో తునకలు చేసి, కాలిన కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొరపై నారు నాటినట్టు జిగురుతో అతికిస్తారు. తునకల్లోని కణాలు వాటంతటవే పాకి పరుచుకుంటాయి. అంతకుముందు ఈ కణాలను ప్రయోగశాలలో రోజుల తరబడి పెంచాల్సివచ్చేది. ఆ ఖర్చూ ఆ నిరీక్షణా తప్పాయి.

ఇక శంకువు సంగతి. కెరటోకోనస్‌కు పూర్తి మందం అతుకు వేసినవాడిగా పుస్తకాలు చెప్పే తొలి పేరు రామన్ కాస్త్రోవియెహో. స్పెయిన్ నుంచి వెళ్లి న్యూయార్క్‌లో స్థిరపడ్డ సర్జన్. ఏడాది 1936. గుండ్రటి బిళ్ల కాక చతురస్రపు బిళ్ల కోయడం ఆయన ముద్ర, అందుకోసం పక్కపక్కనే రెండు అలుగులున్న కత్తి చేయించుకున్నాడు. కార్నియా అతుకుల్లో బాగా నిలిచేవి ఈ జబ్బువాళ్లవేనని ఆ తర్వాత తేలింది. కారణం తేలికే. వాళ్ల కార్నియాలోకి రక్తనాళాలు పాకి ఉండవు. నెత్తురు చేరని చోట పరాయి కణజాలాన్ని శరీరం అంత త్వరగా పసిగట్టదు. శరీరం అతుకును ఎందుకు తిరగ్గొడుతుందో పీటర్ మెదవార్ 1940లలో విప్పి చెప్పాడు. కార్నియా విషయంలో అదెలా జరుగుతుందో ఎడ్వర్డ్ మామెనీ 1951లో కుందేళ్లలో చూపించాడు. ఈ కథలో కుందేలుకు జీతం లేని కొలువు.

చెయ్యి తిరిగింది. మరి కళ్లెక్కడివి? జిర్మ్ లాగా ఎవరికో కన్ను తీసేసేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటే ఎన్ని అతుకులు వేయగలరు? ఈ ముడి విప్పింది ఒడెస్సాలోని వ్లదీమిర్ ఫిలాటోవ్. చనిపోయినవారి కళ్లను చల్లగా దాచి వాడవచ్చని 1931లో చేసి చూపించాడు. న్యూయార్క్‌లో టౌన్లీ పేటన్ మొదట్లో సింగ్‌సింగ్ జైల్లో మరణశిక్ష పడ్డవారి కళ్లు అనుమతితో తెచ్చుకునేవాడు. అలా ఎన్నాళ్లు సాగుతుంది? 1944లో ఆయనే ప్రపంచంలో మొదటి ఐ బ్యాంకు పెట్టాడు. కణజాల మార్పిడి చరిత్రలో ఏ కత్తి కన్నా ఈ బ్యాంకే గొప్ప పనిముట్టని ఒప్పుకోక తప్పదు.

మనమేమీ వెనకపడలేదు. మరుసటేడే, 1945లో, మద్రాసు ఎగ్మోర్‌లోని ప్రభుత్వ కంటాసుపత్రిలో డాక్టర్ ఆర్.ఇ.ఎస్. ముత్తయ్య దేశంలో మొదటి నేత్రనిధిని ప్రారంభించారు. 1819లో పెట్టిన ఆసుపత్రి అది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కనుక నెల్లూరు, కర్నూలు వాళ్లకూ అదే పెద్ద కంటాసుపత్రి. అయితే నిధి తెరిచినంత మాత్రాన నిండదు. కళ్లు తీస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్లవుతారన్న భయం ఒకవైపు, శవాన్ని ముట్టుకోనివ్వమనే బంధువులు మరోవైపు. దానికి జవాబు పక్కనున్న శ్రీలంకలో దొరికింది. అక్కడ హడ్సన్ సిల్వా అనే వైద్యుడు దానమే పరమ పుణ్యమన్న బౌద్ధుల నమ్మకాన్ని ఊతంగా తీసుకున్నాడు. 1960లో తల్లి చనిపోతే ఆమె కార్నియాను ఒక పేదరైతుకు తానే అమర్చాడు. 1961లో సంఘం పెట్టాడు. 1964లో అక్కడి కళ్లు సింగపూర్‌కు వెళ్లాయి. క్రమంగా ఆ చిన్న ద్వీపం ఎన్నో దేశాలకు కళ్లు పంపే స్థాయికి ఎదిగింది.

దాచే మంచు పెట్టె కూడా మారాలి. తొలిరోజుల్లో కనుగుడ్డునే తడి సీసాలో పెట్టి ఒకటి రెండు రోజుల్లో వాడేయాల్సివచ్చేది. అర్ధరాత్రి కన్ను వస్తే అర్ధరాత్రే ఆపరేషన్. 1974లో మెక్‌కేరీ, కౌఫ్‌మన్ అనే ఇద్దరు కార్నియాను మాత్రమే విడదీసి నాలుగు రోజులు నిలవుంచే ద్రవాన్ని తయారుచేశారు. అంటే వైజాగ్‌లో దొరికిన కన్ను హైదరాబాద్ చేరడానికీ, పల్లెనుంచి రోగి బస్సెక్కి రావడానికీ వ్యవధి దొరికింది.

తెలుగునాట ఈ పనికి గట్టి చిరునామా 1987లో దొరికింది. తొలినాళ్ల టాకీల్లో నటించి, సినిమాలు తీసి పేరు మోసిన ఎల్.వి. ప్రసాద్ కుటుంబం అయిదెకరాల స్థలమూ కోటి రూపాయలూ ఇచ్చింది. గుంటూరు వైద్యకళాశాలలో చదివి అమెరికాలో కార్నియా పని చేస్తున్న డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు తిరిగొచ్చి సంస్థ పెట్టారు. రెండేళ్లకు అందులోనే రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి వెలిసింది. ఆ సంస్థలో జరిగిన కార్నియా మార్పిడులు ఇప్పటికి యాభై వేలు దాటాయి. మధ్యలో సినిమావాళ్లు కూడా ఓ చెయ్యి వేశారు. 1998లో చిరంజీవి పేరిట నేత్ర, రక్తనిధులు మొదలయ్యాక అభిమాన సంఘాలు కుర్రాళ్ల చేత నేత్రదాన పత్రాలు నింపించాయి. పర్సులో కార్డు ఉండటం వేరు, కళ్లు బ్యాంకుకు చేరడం వేరు. మనిషి పోయిన ఆరు గంటల్లోపు ఇంట్లోవాళ్లలో ఒకరు కన్నీళ్లు తుడుచుకుని ఫోన్ చేస్తేనే అది దానం. ఆసుపత్రుల్లో చావు కబురు చెప్పిన వెంటనే కుటుంబంతో మెల్లగా మాట్లాడే సలహాదారులను పెట్టడం అందుకే కలిసొచ్చింది.

కళ్లు దొరికాక, సర్జన్లు జాగ్రత్తగా చూస్తే, పాత సమస్య కొత్తగా కనబడింది. కెరటోకోనస్ రోగికి ఇరవై ఏళ్లు. వేసిన అతుకు ఇంకో యాభై ఏళ్లు నిలవాలి. కార్నియా లోపలి కణాలు చదరపు మిల్లీమీటరుకు రెండు వేల పైచిలుకు ఉంటాయి, పోతే మళ్లీ పుట్టవు. అతుకులోవి మామూలు కన్నా వేగంగా తగ్గిపోతాయి. వెంట్రుక కన్నా సన్నటి నైలాను దారంతో చుట్టూ పదహారు కుట్లు, అవి పూర్తిగా విప్పడానికి ఏడాది పైన, ఆ తర్వాతా మిగిలే వంకర నంబరు. నిజానికి ఈ రోగికి చెడింది నడిమి మందమే, లోపలి పొర నిక్షేపంగా ఉంది. ఇల్లంతా బాగుండి పైకప్పు కారుతుంటే పునాది దాకా తవ్వడమెందుకు?

హిప్పెల్ చెప్పిందీ అదే కదా!

అటకెక్కిన సలహా దించడానికి చిటికెడు గాలి పనికొచ్చింది. 2002లో మహమ్మద్ అన్వర్ అనే సర్జన్ కార్నియా లోపలికి సూదితో గాలి ఊది, బుడగ కట్టించి, అడుగున పది మైక్రాన్ల మందముండే డెసిమెట్ పొరను మిగతాదాని నుంచి విడదీశాడు. ఇక పైభాగం కోసేసి దాత పైభాగం పెట్టడమే. రోగి సొంత లోపలి కణాలు సొంతంగానే ఉండిపోతాయి. ఆ బుడగను శ్రద్ధగా గమనించిన హర్మీందర్ దువా, డెసిమెట్ పొరకు పైన ఇంకో గట్టి పొర ఉందని 2013లో ప్రకటించి వివాదానికి తెరతీశాడు. అప్పట్లో ఆయన పనిచేసేది నాటింగ్‌హామ్ నగరంలో. 1854 నాటి పుస్తకం వేసినాయన ఇంటిపేరు కూడా నాటింగ్‌హామే.

పొరలుగా విడదీయడం వచ్చాక ఒక కార్నియాను పంచే వీలు కూడా వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఒకే దాత కార్నియాను ముగ్గురు రోగులకు అమర్చినట్టు 2007లో ప్రచురించారు. కళ్ల కొరత ఉన్న దేశంలో అది గొప్ప పొదుపు.

అసలు కోతే వద్దన్న పద్ధతి జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి వచ్చింది. అక్కడ థియో సైలర్ బృందం 1998లో ఒక రోగి కార్నియాను విటమిన్ బి2 చుక్కలతో తడిపి, అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసింది. నారలు ఒకదానికొకటి ముడిపడి పొర గట్టిపడుతుంది, సాగడం ఆగుతుంది. 22 మంది రోగుల 23 కళ్ల ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. నెదర్లాండ్స్‌లో ఈ చికిత్స అలవాటయ్యాక కెరటోకోనస్‌కు వేసే అతుకులు తగ్గాయి. 2005 నుంచి 2007 వరకు 269, 2012 నుంచి 2014 వరకు 201.

అయితే మరీ పలచబడిన కార్నియా ఆ కాంతిని తట్టుకోలేదు. అలాంటివాళ్ల కోసమే, అదే నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో గెరిట్ మెల్లెస్ బృందం బౌమన్ పొరను బయటికి తీసింది. దాత కార్నియా నుంచి దాన్ని ఉల్లిపొరలా ఒలిచి, రోగి కార్నియా నడుమ ఒక జేబు చేసి, అందులో పరిచింది. 2014లో అచ్చయిన ఈ పద్ధతిలో కుట్టు లేదు. చూపు పెంచాలన్నది ప్రధాన లక్ష్యమూ కాదు. జబ్బు ముదరకుండా ఆపి, పెద్ద ఆపరేషన్‌ను వాయిదా వేయడమే పని. నాలుగేళ్లకు చెన్నైలో సూసన్ జాకబ్ దాత కార్నియా నుంచి వంపు తిరిగిన సన్నటి పోగులు కోసి, కార్నియా లోపల సొరంగం చేసి దూర్చే పద్ధతి ప్రచురించింది. అంతకుముందు అలాంటి సొరంగంలో ప్లాస్టిక్ వంపులు పెట్టేవారు. ఈ పోగుల కోసం ఆమె వాడిన గుండ్రటి కత్తికి కూడా రెండు అలుగులే. కాస్త్రోవియెహో చూస్తే మురిసిపోయేవాడు.

2022లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ, ఐఐటీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి కార్నియాను ముద్రించారు. త్రీడీ ప్రింటర్‌లో పోసిన సిరా మనుషుల కళ్లదే. దానంగా వచ్చిన కార్నియాలోని కణాలన్నీ కడిగేయగా మిగిలిన పదార్థానికి మూలకణాలు కలిపి తయారుచేశారు. మచ్చపడ్డ కళ్లకూ, కెరటోకోనస్‌తో పలచబడ్డ కళ్లకూ పనికొస్తుందని వాళ్ల ఆశ. 1886లో హిప్పెల్ కుందేలు కార్నియాను మనిషికి పెట్టాడు. మనిషి కార్నియా నుంచి చేసిన ఈ ముద్రిత పొరను హైదరాబాద్ శాస్త్రవేత్తలు ముందుగా ఒక కుందేలు కంటికి అమర్చారు.